పాత తుపాకి, కొత్త హంగులు

మా బళేపేటలో ఏ వస్తువునూ చప్పున పనికిరాదని పారవేయరు. కన్నడంలో "బళె" అంటే గాజు. 1537లో కెంపేగౌడ బెంగళూరు పేటను కట్టించినప్పటినుంచీ యిక్కడ వృత్తికొక వీధి. అక్కిపేటలో బియ్యం, అరళేపేటలో దూది, కుంబారపేటలో కుండలు, గాణిగరపేటలో నూనె, మా వీధిలో గాజులు. ఆ గాజుల బేరం పలచబడి చాలా కాలమయింది. ఇప్పుడు ఊళ్లోవాళ్లు మా పేటకు వచ్చేది వాద్యాల అంగళ్లకోసం. వీణ మెట్లు సడలితే మైనం కరిగించి మళ్లీ నిలబెట్టేవారు, తబలాకు తోలు మార్చేవారు, హార్మనీ తిత్తికి కాగితం అతికేవారు మాకు యిరుగుపొరుగు. వస్తువును బాగుచేయడం యెక్కడ ఆగాలో, వేరే వస్తువుగా మార్చడం యెక్కడ మొదలవుతుందో వాళ్లకు చేతివేళ్లకే తెలుసు. మా యింటి తుపాకి విషయంలో ఆ తెలివి మాకు కూడా కావలసివచ్చింది.

మా యింట్లో తుపాకి వున్నదంటే యీనాటి పిల్లలు వింతగా చూస్తారు గాని, పాత మైసూరు రాజ్యంలో కాస్త కలిగిన వ్యాపారుల యిళ్లల్లో అది వింత కాదు. మా నాన్నగారు 1954లో, చిక్కమగళూరు వైపు కాఫీతోట అమ్ముకుని స్వదేశానికి వెళ్లిపోతున్న వొక దొర దగ్గర యీ జోడుగొట్టాల తుపాకి కొన్నారు. బర్మింగ్‌హామ్‌లో చేసినది. పన్నెండు బోరు. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూచితే వొక పౌను అవుతుంది గనుక ఆ పేరు. పట్టుబట్టల బేరం చేసుకునే మనిషికి తుపాకి యెందుకయ్యా అని మా తాతగారు కేకలేశారట. ఆదివారంనాడు చింతామణి వైపు బంధువుల చేలల్లో కౌజులకో, కుందేళ్లకో తిరిగిరావడం మా నాన్నగారికి వున్న వొకే వొక్క విలాసం. మన చిత్తూరు జిల్లా అడవులను గురించి కూడా పుస్తకాల్లో వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ యీ బెంగళూరు వాస్తవ్యుడే. ఆయనను వొకసారి దూరంనుంచి చూశానని మా నాన్నగారు జీవితమంతా చెప్పుకున్నారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మా నాన్నగారు చట్టాన్ని చదివించుకుని విన్నారు. ఆ సాయంత్రం గొట్టాలను నూనెగుడ్డతో తుడిచి, తుపాకిని మూడు ముక్కలుగా విప్పి, ఫలాలేను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. ఆ తరువాత అది బయటికి వచ్చేది ఆయుధపూజ నాడే. తూకపురాళ్లు, గజంబద్ద, కత్తెరలు, లెక్కల పుస్తకాల పక్కన దానికీ కుంకుమబొట్టు. ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకోవడం, అవి అయిపోయాక తిరిగి తెచ్చుకోవడం. 1979లో ఆయన పోయాక లైసెన్సు మా పేర వచ్చింది. నలభై అయిదేళ్లు దాటినా మేము దానితో వొక్క పిట్టనూ కొట్టలేదు. కొట్టాలని బుద్ధి పుట్టనూ లేదు.

ఇట్లా నిద్రపోతున్న తుపాకిని లేపినవాడు మా మేనల్లుడు. అక్కయ్య కొడుకు. అమెరికాలో డల్లాసు దగ్గర కాపురం. అక్కడ వేట చట్టసమ్మతం గనుక, పరీక్ష ప్యాసై లైసెన్సు పుచ్చుకుని, ప్రతి సెప్టెంబరు ఒకటో తేదీన మొదలయ్యే గువ్వల వేటకు స్నేహితులతో పోతుంటాడు. రోజుకు పదిహేను గువ్వలకు మించి కొట్టరాదట. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మూడు రోజులు మా యింట్లో వాడు చెప్పిన కబుర్లన్నీ తన తుపాకికి తాను బిగించిన కొత్త భాగాలను గురించే. మా అక్కయ్య తల పట్టుకున్నది గాని, మేమూ మా అమ్మాయీ మాత్రం చెవులప్పగించి విన్నాము.

వాడిది రెమింగ్టన్ 1100 అనే రకం. 1963లో బజారులోకి వచ్చిన సెమీ ఆటోమేటిక్ తుపాకి. అంటే మీట నొక్కిన ప్రతిసారీ వొకే తూటా పేలుతుంది. ఖాళీ తూటాను బయటికి నెట్టి, రెండో తూటాను లోపలికి తెచ్చుకునే పని మాత్రం తుపాకే చూసుకుంటుంది. ఇది యెట్లా జరుగుతుందో వాడు మా భోజనాల బల్లమీద గ్లాసులూ చెంచాలూ పేర్చి చూపించాడు. తూటాలో మందు అంటుకున్నప్పుడు పుట్టిన వేడిగాలిలో కొంచెం, గొట్టానికి అడుగున వున్న చిన్న రంధ్రాలగుండా దిగి వొక ముషలకాన్ని వెనక్కు తోస్తుంది. అది వెనక తలుపును తెరుస్తుంది. ఖాళీ తూటా యెగిరిపోతుంది. కర్రదిమ్మలో దాగివున్న స్ప్రింగు ఆ తలుపును తిరిగి ముందుకు తోస్తుంది. వచ్చేటప్పుడు అది కొత్త తూటాను తీసుకుని వస్తుంది. ఇదంతా రెప్పపాటులో. తన్ను వొక్కసారిగా భుజంమీద పడక కాస్త సాగదీసినట్లు పడడంచేత, యీ రకం తుపాకులు మెత్తగా వుంటాయని పేరు.

మరి యింత బాగున్నదానికి కొత్త భాగాలు దేనికిరా అని అడిగాము. వాడు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. గొట్టం దగ్గర గాలి లీకుకాకుండా వుండే రబ్బరు ఉంగరం వేడికి యెండి చిట్లుతుంది. దానికి బదులు వేడికి తట్టుకునే కొత్తరకం ఉంగరం వేశాడు. తూటాలు దాచుకునే గొట్టంలో స్ప్రింగు యేళ్లతరబడి నొక్కుకుని నీరసపడుతుంది, అది మార్చాడు. తూటాలను తోసే బిళ్లకు నారింజరంగుది పెట్టాడు. గొట్టం ఖాళీ అయిందో లేదో వొక్కచూపుకే తెలియడానికి. చలిలో చేతితొడుగులతో పట్టు దొరకదని తలుపు పిడి పెద్దది బిగించాడు. తూటాలు నింపేటప్పుడు బొటనవేలు చిక్కుకునేచోట వెడల్పాటి మీట. గొట్టం కొసన పాత యిత్తడి పూసకు బదులు వెలుతురు పట్టి మెరిసే పూస. వెనక మెత్తటి రబ్బరు పట్టీ. మూతి దగ్గర మరతో బిగించే చోక్ గొట్టాలు.

ఈ చోక్ అనేదాన్ని గురించి రెండు మాటలు చెప్పాలి. తుపాకి రవ్వలు మూతి దాటగానే పువ్వు విచ్చినట్లు విచ్చుకుంటాయి. మూతి దగ్గర గొట్టం కొద్దిగా బిగువుగా వుంటే తక్కువ విచ్చుకుని దూరం పోతాయి. పూర్తి బిగువంటే సుమారు వొక మిల్లీమీటరే. అయినా నలభై గజాల దూరాన ముప్పై అంగుళాల చక్రంలో నూటికి డెబ్భై రవ్వలు పడేటట్లు చేస్తుంది. పాతకాలపు తుపాకిలో యీ బిగువు గొట్టంలోనే పోతపోసినట్లు వుంటుంది. వాడి తుపాకిలో గువ్వకొకటి, బాతుకొకటి మార్చి బిగించుకోవచ్చు.

అన్ని భాగాలూ మంచే చేశాయా అంటే లేదు. కర్రదిమ్మలో వుండే స్ప్రింగు గట్టిదైతే తుపాకి యెక్కువకాలం మన్నుతుందని యెవరో చెప్పగా, వొక బిరుసు స్ప్రింగు తెప్పించి వేశాడు. దానితో బరువు తూటాలు బాగానే పేలాయి. తేలిక తూటాలు వేస్తే తలుపు సగం తెరుచుకుని, ఖాళీ తూటా యిరుక్కుని, గువ్వలు నెత్తిమీదుగా నవ్వుతూ పోయాయట. తేలిక తూటాలో పుట్టే గాలికి ఆ బిరుసును తోసే సత్తువ లేదు. ఒక భాగం బలపడితే రెండోభాగం బలహీనమయినట్లే లెక్క. పాత స్ప్రింగు మళ్లీ వేసుకున్నాక తుపాకి కుదుటపడింది. ఈ సంగతి మా యెదురింటి వీణల మేస్త్రి విని, "తంతి లావుదైతే మెట్టు ఒప్పుకోవద్దా?" అన్నాడు. అమెరికా విద్యా బళేపేట విద్యా వొకచోట కలిశాయి.

వాడు ముట్టనివి కూడా కొన్ని వున్నాయి. మీట యంత్రం జోలికి పోలేదు. అది తుపాకికి ప్రాణమూ, మనిషికి రక్షణా గనుక ఫ్యాక్టరీ యెట్లా యిచ్చిందో అట్లానే వుంచాడు. తూటాల గొట్టంలో వొక కర్రపుల్ల వంటి అడ్డు వుంది. వలస పక్షుల వేటలో తుపాకిలో మూడు తూటాలకు మించి పట్టరాదని అక్కడి చట్టం. ఆ అడ్డు తీసేస్తే యింకా రెండు పడతాయి గాని వాడు తీయడు. అన్నట్లు, యీ విడిభాగాల బేరం అక్కడ యింతగా పెరగడానికి వొక కారణముంది. 1816లో మొదలైన రెమింగ్టన్ కంపెనీ 2018లోనూ 2020లోనూ దివాలాకు వెళ్లింది. న్యూయార్కు రాష్ట్రంలో ఇలియన్ అనే ఊళ్లోని ఆ పాత కార్ఖానా 2024లో మూతబడింది. లక్షలకొద్దీ తుపాకులు మాత్రం యిళ్లల్లో వున్నాయి. కన్నతల్లి పోయిన బిడ్డలకు పెంపుడుతల్లుల్లాగా చిన్నచిన్న కంపెనీలు భాగాలు చేసిపెడుతున్నాయి.

ఇంతవరకూ వినోదమే. మూడోరోజున మా అమ్మాయి, "నాన్నగారూ, మన తుపాకి కూడా యిట్లా బాగుచేయించి నాకు యివ్వకూడదా?" అన్నది. దానికి ముప్పై యేడేళ్లు. లెక్కల ఆఫీసులో ఉద్యోగం. ఏడాదిగా స్నేహితురాళ్లతో కలిసి రేంజికి పోయి ఎగిరే మట్టి పళ్లేలను కొట్టడం నేర్చుకుంటున్నది. ఆ పళ్లెం 110 మిల్లీమీటర్ల వెడల్పు, నూటయైదు గ్రాముల బరువు. ప్రాణం లేని పిట్ట. మా అక్కయ్య వెంటనే అందుకున్నది. "ఒరే తమ్ముడూ, ఆడపిల్లకు తుపాకి యేమిటిరా! ఇవ్వదలిస్తే నా కొడుక్కు యివ్వు. నాన్న చేతిలోంచి వచ్చిన వస్తువు, మగవాడి చేతిలో వుండాలి." అమ్మాయి యేమీ అనకుండా లేచి వంటింట్లోకి పోయింది. మేనల్లుడు సిగ్గుపడి, "అమ్మా, నా తుపాకి నాకుంది, యిది దానిదే" అన్నాడు. 2024లో పారిస్ ఒలింపిక్సులో ఆడవాళ్ల ట్రాప్ పోటీలో మన దేశం తరఫున శ్రేయసీ సింగ్, రాజేశ్వరీ కుమారి నిలబడ్డారన్న మాట వాడే తల్లికి చెప్పాడు. అక్కయ్య, "వాళ్లు రాజుల బిడ్డలు కాబోలు, మనం గాజులపేటవాళ్లం" అని ముఖం తిప్పుకున్నది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అక్కయ్య మాటలో కాస్త బాధ వుంది. నాన్నగారితో చేలల్లో తిరిగినది చిన్నప్పుడు ఆమే. తుపాకి తాకనిచ్చింది మాత్రం మమ్మల్ని. తనకు దక్కనిది మరొక ఆడపిల్లకు దక్కుతుంటే మనస్సు వొప్పుకోవడం కష్టమే గదా.

మేనల్లుడు మరునాడు వుత్సాహంగా, "మామయ్యా, వచ్చేసారి పెట్టెలో రబ్బరు పట్టీ, చోక్ గొట్టాలు, పూసా తెస్తాను" అన్నాడు. అది మాత్రం వద్దన్నాము. మన 1959 నాటి ఆయుధ చట్టంలో ఆయుధమంటే తుపాకి వొక్కటే కాదు, దాని భాగాలు కూడా. లైసెన్సు లేకుండా పెట్టెలో వేసుకుని విమానం దిగితే, అది పూస అయినా పితూరీయే. మన యీ కర్ణాటకలోనే కొడగువాళ్లకు లైసెన్సు అక్కరలేకుండా తుపాకి వుంచుకునే మినహాయింపు వుంది; 2019లో దాన్ని మరో పదేళ్లకు పొడిగించారు. కైల్‌పోళ్దు పండుగనాడు వాళ్లు తుపాకులకు పూలు పెట్టి పూజిస్తారు. బళేపేట తెలుగువాళ్లకు ఆ మినహాయింపు లేదు. మనకు కాగితమే కవచం. మా వీధి వడ్రంగికి కర్రదిమ్మ యిచ్చి సరిచేయించుకుందామన్న ఆలోచన కూడా అందుకే మానుకున్నాము. తుపాకి మరమ్మతుకు కూడా లైసెన్సు వున్నవాడే కావాలి.

లైసెన్సుగల అంగడికి తుపాకిని విప్పి పెట్టెలో పెట్టి తీసుకుపోయాము. అక్కడి మేస్త్రి పెద్ద వయస్సువాడు. గొట్టాలు విరిచి వెలుతురుకు పెట్టి చూసి, యిన్నేళ్లకూ లోపల గుంటలు పడలేదని మెచ్చుకున్నాడు. నాన్నగారి నూనెగుడ్డ పుణ్యం. మేము మూడు ప్రశ్నలు వేశాము.

మర చోక్ గొట్టాలు బిగించవచ్చునా? వద్దన్నాడు. మూతి దగ్గర గొట్టం మందం వొక గోరంత. అందులో మర కోస్తే మిగిలేది రేకు.

ముప్పై అంగుళాల గొట్టాలు పొడవుగా వున్నాయి, కాస్త కోయించవచ్చునా? ఆయన చేతులు జోడించాడు. గొట్టం పొట్టిచేయడానికి చట్టంలో ప్రత్యేకంగా అనుమతి కావాలి. పైగా చోక్ వుండేది ఆ కొసనే. కోసిన నాలుగంగుళాలతో తుపాకి గుణం కూడా పోతుంది.

కొత్త తూటాలు వేయవచ్చునా? దీనికి ఆయన వొక కొలత కడ్డీ తీసి తూటాగదిలో పెట్టాడు. గొట్టం అడుగున రెండున్నర అంగుళాలని చెక్కిన గుర్తు చూపించాడు. అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు యెక్కువగా దొరికే తూటాలు 70 మిల్లీమీటర్లవి. ఆ కొలత పేలి మూతి విచ్చుకున్న తరువాతి పొడవు. కాబట్టి పేలకముందు అది పాత గదిలో చక్కగా పట్టేస్తుంది, తలుపు మూసుకుంటుంది, యే అనుమానమూ రాదు. పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు చాలక ముందున్న సన్నని భాగంలోకి చొచ్చుకునిపోయి, లోపలి వొత్తిడి పెరుగుతుంది. పాత తుపాకికి అది ప్రమాదం. ఈ వొక్కమాట కోసమైనా ఆ అంగడికి పోవడం మంచిదయింది. 65 మిల్లీమీటర్లవి, తక్కువ వొత్తిడివి దొరికితేనే, అదీ యేడాదికి నాలుగైదు వేయమన్నాడు. రోజూ అభ్యాసానికి రేంజిలోని తుపాకే వాడమన్నాడు.

మరి బాగుచేయవలసినది యేమీ లేదా అంటే, వొకటి వుందన్నాడు. మా నాన్నగారు పొట్టి. కర్రదిమ్మ మీటనుంచి వెనక కొసవరకు పదమూడు ముప్పాతిక అంగుళాలు. అమ్మాయికి మా అమ్మగారి పొడవు వచ్చింది. దానికి పద్నాలుగున్నర కావాలి. దిమ్మ వెనక వున్నది గట్టి కొమ్ముబిళ్ల. తన్ను యెముకకు తగులుతుంది. దిమ్మను కోసి కొత్త రబ్బరు మరలతో బిగించవచ్చు గాని, పాత కర్రకు చిల్లులెందుకు, మీద తొడిగే తోలు గలేబు కుట్టించుకోండి, రేపు వద్దనుకుంటే తీసివేయవచ్చు అన్నాడు.

తోలుపని అంటే మా పేటే గదా! తుపాకిని యింట్లోనే వుంచి, దిమ్మ కొసను కాగితంమీద గీసుకుని, చుట్టుకొలత నూలుదారంతో తీసుకుని, వీణలకు గలేబులు కుట్టే పనివాడి దగ్గరకు పోయాము. అది దేనికని అడిగితే చెప్పాము. నవ్వి, వొకే వొక్క ప్రశ్న వేశాడు: "ఏ భుజానికి?" కుడి అన్నాము. కుట్టు బుగ్గకు తగలకుండా యెడమ పక్కన రాకుండా చూశాడు. లోపల ముప్పాతిక అంగుళం మెత్తటి రబ్బరు, పైన దూడతోలు, బిగించడానికి యెడమకు రాని తోలుతాడు. మూడు రోజుల్లో యిచ్చాడు. మూడు రాష్ట్రాల కొరియరూ, విమానమూ, కస్టమ్సూ లేకుండా మా తుపాకికి కొత్త భాగం వచ్చింది.

ఒక ఆదివారం తలుపులు వేసి, రెండు గొట్టాలూ ఖాళీగా వున్నాయని ముగ్గురమూ వేరువేరుగా చూసి, గోడవైపు తిప్పి అమ్మాయి భుజానికి యెత్తింది. అంతకుముందు దాని మెడ కొంగలా ముందుకు వంగేది. ఇప్పుడు చెంప దానంతటదే కర్రమీద ఆనింది. కన్ను పూసకు వరుసయింది. అక్కయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నది. చాలాసేపు చూసి, "నాన్న కూడా యెడమపాదం అట్లాగే ముందుకు వేసేవాడు" అన్నది. తరువాత తనే లోపలికి వచ్చి, మెల్లగా తుపాకి పుచ్చుకుని, బరువు చూసి, తిరిగి అమ్మాయి చేతిలో పెట్టింది. అంతకుమించి యే మాటా లేదు.

2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం, లైసెన్సుదారుకు డెబ్భై యేళ్లు నిండినా, తుపాకి యిరవై అయిదేళ్లు వుంచుకున్నా, బ్రతికివుండగానే వారసులకు బదిలీ చేయడానికి దరఖాస్తు పెట్టవచ్చు. మాకు రెండూ వున్నాయి. అమ్మాయి శిక్షణ పత్రం తెచ్చుకుని పోలీసు కమిషనరు కార్యాలయంలో దరఖాస్తు పెట్టింది. విచారణకు పోలీసువారు వచ్చి కాఫీ తాగి వెళ్లారు. అనుమతి యింకా రావాలి.

మన సంఘం కుటుంబాల్లో యిటువంటి పాత తుపాకులు బీరువాల్లో యింకా వుండే వుంటాయి. వున్నవారికి మా మనవి యింతే. లైసెన్సు గడువు చూసుకోండి. 2019 సవరణతో ఆ గడువు మూడేళ్లనుంచి అయిదేళ్లయింది. వొక మనిషికి మూడు తుపాకులు వుండవచ్చన్నది రెండయింది. తూటాగది పొడవు కొలిపించకుండా వొక్క తూటా కూడా వేయకండి. తాతలనాటి తూటాలు డబ్బాలో వుంటే లైసెన్సుగల అంగడివారికో, ఠాణాకో అప్పగించండి. గొట్టాన్ని, మీటను కదపకండి. మనిషికి సరిపోయేటట్లు పైపైన చేసుకోదగినది చేసుకోండి. అన్నిటికంటె ముఖ్యంగా, అది యెవరికి చెందవలసినదో మీరు లేచి తిరుగుతుండగానే యింట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఆ మాట ఆలస్యమైతే తుపాకి పోలీసు మాల్‌ఖానాలో తుప్పుపడుతుంది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ మాటలు మానుకుంటారు. మా యింట్లో యీ విజయదశమికి దానికి బొట్టు పెట్టేది అమ్మాయే. కుంకుమ భరిణ అక్కయ్య తెస్తానన్నది.